పీరు గడప, మ్యూజియం తలుపు

టర్కీ నడిబొడ్డున, అనటోలియా పీఠభూమి మీద, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైచిలుకు ఎత్తున హాజీబెక్తాష్ అనే చిన్న పట్నం ఉంది. గుహల ఇళ్లకూ వేడిగాలి బెలూన్లకూ పేరుమోసిన కపడోకియా లోయలు దీనికి దక్షిణాన ఉన్నాయి. పర్యాటకుల బస్సులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా జనం పదకొండు వేలకు అటూ ఇటూ. ఏటా ఆగస్టు 16 నుంచి 18 వరకు మాత్రం ఈ ఊళ్లో నిలబడే చోటు దొరకదు. ఇస్తాంబుల్, అంకారాల నుంచి సరే, జర్మనీలో స్థిరపడ్డ కుటుంబాలు కూడా పిల్లాపాపలతో వచ్చేస్తాయి. వాళ్లంతా వచ్చేది ఏడున్నర శతాబ్దాల కిందట ఇక్కడ కన్నుమూసిన హాజీ బెక్తాష్ వెలీ సమాధి దగ్గరికి.

ఆ సమాధి ఉన్న ప్రాంగణం సర్కారు లెక్కల్లో మ్యూజియం. 1925లో మూతపడిన దర్గా 1964 ఆగస్టు 16న మ్యూజియంగా తెరుచుకుంది. చాలా ఏళ్లపాటు లోపలికి పోవాలంటే టికెట్టు కొనాల్సి వచ్చేది. టికెట్టు కొన్న భక్తుడు మాత్రం మ్యూజియానికి వచ్చినవాడిలా నడుచుకోడు. గడప తొక్కడు. వంగి గడపను ముద్దాడి, దాన్ని దాటుకొని లోపలికి వెళతాడు. సమాధి ఉన్న గదిలోంచి వచ్చేటప్పుడు పీరుకు, అంటే గురువైన హాజీ బెక్తాష్‌కు, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుస్తాడు.

తలుపు ఒక్కటే. చట్టం దాన్ని పురావస్తువుల గదికి దారి అంటుంది. వచ్చినవాడు దాన్ని పీరు వాకిలి అంటాడు. అసలు ఒక చోటుకు పవిత్రత ఎక్కణ్నుంచి వస్తుంది? అక్కడ శాశ్వత నిద్రలో ఉన్న మహనీయుడి నుంచా, అక్కడికి వచ్చి మొక్కేవాళ్ల నుంచా, రాజ్యం ఇచ్చే గుర్తింపు నుంచా? ఈ ప్రశ్నను తిరుమల మొదలు మక్కా దాకా ఎక్కడైనా అడగొచ్చు. హాజీబెక్తాష్‌లో దీనికి పదును ఎక్కువ. ఎందుకంటే దేవుణ్ని యాత్రాస్థలాల్లో వెతకొద్దని, నీలోనే వెతుక్కొమ్మని బోధించే సంప్రదాయమే ఇక్కడి రాతిగడపను ముద్దాడుతోంది.

హాజీ బెక్తాష్ గురించి చరిత్రకు తెలిసింది తక్కువ, జనానికి తెలిసింది చాలా ఎక్కువ. పదమూడో శతాబ్దంలో మంగోలుల దాడులకు చెదిరిపోయి, మధ్య ఆసియా నుంచి తుర్క్‌మెన్ తెగలు మందల్ని తోలుకుంటూ అనటోలియాలోకి వచ్చి పడ్డాయి. ఆ వలసలో ఖొరాసాన్ నుంచి వచ్చిన దర్వేషుల్లో ఈయన ఒకరు. పుట్టింది నిషాపూర్‌లో అంటారు. 1240 ప్రాంతంలో బాబా ఇల్యాస్ అనే గురువు అనుచరులు సెల్జుక్ పాలకుల మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును రాజ్యం నెత్తుటిలో ముంచేసింది. పదిహేనో శతాబ్దపు చరిత్రకారుడు ఆషిక్‌పాషాజాదె రాసినదాని ప్రకారం హాజీ బెక్తాష్ తన తమ్ముడు మెంతెష్‌తో కలిసి ఆ గురువు దగ్గరికి వచ్చాడు. తమ్ముణ్ని సివాస్‌లో చంపేశారు. అన్న కత్తి పట్టలేదు. అప్పట్లో సులుజకరహూయుక్ అనే పేరున్న ఓ పల్లెకు వచ్చి కుదురుకున్నాడు. ఇవాళ్టి హాజీబెక్తాష్ పట్నం అదే. ఆయన 1271లో పోయాడని సంప్రదాయం చెబుతుంది. ఆ లెక్కనే 2021లో యునెస్కో ఆయన 750వ వర్ధంతిని గుర్తుచేసుకుంది.

ఆ పల్లెలో ఆయనకు ఆశ్రయం ఇచ్చింది ఒక స్త్రీ. ఆమెను కదింజిక్ అనా అని పిలుచుకుంటారు. అనా అంటే అమ్మ. పీరు తన రహస్యాలన్నీ ఆమెకే అప్పగించాడనీ, సమాధి కట్టించింది ఆమేననీ, ఆమె దగ్గర శిష్యరికం చేసిన అబ్దాల్ మూసా ఆ మాటను నలుదిక్కులకూ మోసుకెళ్లాడనీ అదే చరిత్రకారుడు రాశాడు. పీరు మొదటి వారసురాలు స్త్రీ అన్న ఈ ముక్కను తేలిగ్గా దాటేయకూడదు. ఈ సంప్రదాయంలో ఆడా మగా ఒకే గదిలో, ఒకే వరసలో కూర్చొని ఆరాధన చేస్తారు. ఆ ఒక్క కారణానికే వీళ్ల మీద శతాబ్దాలుగా ఎన్నో నీలాపనిందలు వేశారు.

ఇక జనం చెప్పుకునే కథలు పదిహేనో శతాబ్దం చివర్లో విలాయెత్‌నామె అనే గ్రంథంలోకి చేరాయి. ఖొరాసాన్ నుంచి పీరు పావురమై ఎగిరొచ్చాడట. పట్టుకోవడానికి ఒక దర్వేషు డేగ రూపంలో వస్తే, మనిషిగా మారి దాని మెడ పట్టుకొని, నేను బలహీనమైన రూపంలో వచ్చానే, నువ్వు వేటాడే రూపంలో వచ్చావేమని నిలదీశాడట. ఇంకొక కథలో సయ్యద్ మహమూద్ హైరానీ అనే సిద్ధుడు సింహాన్నెక్కి, పామును కొరడాగా పట్టుకొని వస్తున్నాడని తెలిసి, హాజీ బెక్తాష్ ఒక గోడనెక్కి దాన్ని నడిపించుకుంటూ ఎదురెళ్లాడు. ఈ కథ వినగానే మన వైపు పాఠకులు ఉలిక్కిపడతారు. పులినెక్కి, పాము కొరడాతో వచ్చిన చాంగ్‌దేవ్‌కు జ్ఞానేశ్వరుడు కూర్చున్న గోడతో సహా ఎదురెళ్లిన మరాఠీ కథ కూడా అచ్చం ఇదే. దక్కను సూఫీల చరిత్రల్లోనూ పులినెక్కే పీర్లు ఉన్నారు. ఎవరి కథ ఎవరికి చేరిందో తేల్చడం కన్నా, రెండు చోట్లా జనం మెచ్చుకున్నది దేన్నో చూడటం ముఖ్యం. క్రూరజంతువును లొంగదీసుకున్నవాడి కన్నా, ప్రాణం లేనిదాన్ని పలకరించి కదిలించినవాడు పైమెట్టున ఉన్నాడు.

టర్కీలో ఇళ్ల గోడల మీద కనిపించే పీరు పటంలో ఆయన ఒక చేత సింహాన్ని, ఒక చేత జింకను ఒడిలో పొదువుకొని ఉంటాడు. ఆయన పేరున వ్యాపించిన బోధ కూడా అటువంటిదే. షరియత్, తరీఖత్, మారిఫత్, హకీకత్ అనే నాలుగు ద్వారాలు, ఒక్కోదానికి పదేసి చొప్పున నలభై మెట్లు. చేతిని, నాలుకను, కామాన్ని అదుపులో పెట్టుకోవాలి. నిన్ను నొప్పించినా నువ్వు నొప్పించకూడదు. ఈ మార్గాన్ని ఒక సంఘంగా పట్టుకున్నవాళ్లు అలెవీలు, దీక్ష తీసుకొని దర్వేషుల వరసలో చేరేవాళ్లు బెక్తాషీలు. అలీని, పన్నెండుమంది ఇమాముల్ని గుండెలో పెట్టుకుంటారు. ముహర్రంలో పన్నెండు రోజులు ఉపవాసం ఉండి, కర్బలాలో హుసేన్ దాహంతో పోయాడు కనుక మంచినీళ్లు ముట్టరు. హసన్ హుసేన్ల పీర్లను ఎత్తుకొని అలావా చుట్టూ ఆడే తెలంగాణ పల్లెలకూ, ఈ పీఠభూమికీ ఆ దుఃఖం ఉమ్మడి.

మసీదుకు వెళ్లి ఐదు పూటలా నమాజు చేయడం చాలామంది అలెవీల ఆచారంలో లేదు. వాళ్ల ఆరాధన పేరు జెమ్, అంటే సమావేశం. ఈ వ్యాసం అసలు నిలబడాల్సిన చోటు ఇదే.

పల్లెల్లో జెమ్‌కు ప్రత్యేకమైన గుడి ఉండేది కాదు. చలికాలం, పొలం పనులు లేని రోజుల్లో, గురువారం రాత్రి, ఊళ్లో ఎవరి ఇల్లు విశాలంగా ఉంటే ఆ ఇంట్లో చేరేవాళ్లు. వంశపారంపర్యంగా గురుత్వం వచ్చే కుటుంబాల నుంచి దెదె వస్తాడు. దెదె అంటే తాత. ఒకరి వీపు ఒకరు చూడకుండా, ముఖాలు ఎదురెదురుగా ఉండేలా చుట్టూ కూర్చుంటారు. పన్నెండు సేవలుంటాయి: వాకిలి కాసేవాడు, దీపం వెలిగించేవాడు, చీపురు పట్టేది, నీళ్లు పోసేది, బాగ్లమా వాయిస్తూ పాడేవాడు ఇలా. కానీ పాట మొదలయ్యే ముందే దెదె అందర్నీ ఒక మాట అడుగుతాడు. మీలో ఎవరికైనా ఎవరి మీదనైనా కంటగింపు ఉందా? ఒకరి వల్ల ఒకరికి నొప్పి కలిగిందా? ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి.

లేచినవాళ్లు గది నడుమ చేయి గుండెకు ఆనించి, కుడికాలి బొటనవేలిని ఎడమ బొటనవేలి మీద ఉంచి తల వంచి నిలబడతారు. ఆ చోటును దార్ అంటారు, ఉరికంబం అని అర్థం. 922లో బాగ్దాదులో ప్రాణాలు తీయించుకున్న మన్సూర్ అల్ హల్లాజ్ పేరు మీద అది మన్సూర్ ఉరికంబం. నిలబడినవాళ్లు తప్పు ఒప్పుకోవాలి, నష్టం పూడ్చాలి, చేయి కలపాలి. అందరూ రజా, అంటే సమ్మతి, అన్నాకే ఆరాధన ముందుకు సాగుతుంది. దీన్ని రజాలిక్ అంటారు. రాజీ కుదరని మనిషి బయటికి పోవాలి. పెద్ద తప్పు చేసినవాణ్ని దూష్కున్ అని వెలివేస్తారు. వాడితో మాటల్లేవు, ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు, వాడి గొర్రెలు ఊరి మందతో కలిసి మేయవు. ఒట్టోమన్ కాలంలో అలెవీ పల్లెలు తమ తగువుల్ని చాలావరకు ఖాజీ కచేరీ దాకా పోనివ్వకుండా ఇలాగే తీర్చుకున్నాయి.

మనుషుల హక్కును మనుషులే మన్నించాలి, దాన్ని దేవుడు తన వంతుగా మన్నించడు అనే మాట ఇస్లాంలో అంతటా ఉన్నదే. అలెవీలు దాన్ని ఆరాధన వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు. ముందు పక్కవాడు, తర్వాత దేవుడు. పక్కవాడి దగ్గర బాకీపడ్డ మనిషి దేవుడి ముందు నోరు తెరవడానికి తగడు.

దీనికి వాళ్లు చెప్పుకునే మూలకథ నలభైమంది సభ. మిరాజ్ అనే ఆకాశయాత్ర నుంచి తిరిగొస్తూ ప్రవక్త ఒక తలుపు తట్టాడట. ఎవరని లోపలివాళ్లు అడిగితే ప్రవక్తనన్నాడు. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ తట్టాడు, అదే జవాబు. మూడోసారి, పేదల సేవకుణ్ని అని చెప్పాక తెరిచారు. లోపల నలభైమంది, అందులో పదిహేడుగురు స్త్రీలు. ఒకరి చేతికి గాటు పడితే నలభైమందికీ నెత్తురు వచ్చింది. ఒక్క ద్రాక్షపండు పిండిన రసం అందరికీ చాలింది. అందరూ లేచి తిరుగుతూ ఆడారు. జెమ్‌లో ఆడా మగా కలిసి చేసే సెమాహ్ అనే ఆరాధన నృత్యానికి అదే మొదలని నమ్మకం. ప్రవక్తకే హోదా విప్పి బయట పెడితే గానీ చోటు దొరకని గది అది. పవిత్రత ఎక్కణ్నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ కథలో ఒక జవాబు ఉంది: ఒకరి గాయం అందరికీ నొప్పి పుట్టించేచోట.

ఈ పద్ధతిలో ముల్లు లేదనడం నిజాయితీ కాదు. ఊరంతా చూస్తుండగా దెదె అడిగినప్పుడు, నలుగురికీ భయపడి రజా అనే కోడలు, కూలివాడు ఉండరా? మాట కలిపించిన ప్రతిచోటా న్యాయం జరిగినట్టేనా? వెలి అనే శిక్ష ఎంత క్రూరం కాగలదో కులపంచాయితీలను చూసిన తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా అక్కడ అధికారం ఉన్నవాడు కూడా దార్ మీద నిలబడాల్సిందే, దెదె సైతం కూర్చునే ముందు జనం రజా తీసుకోవాల్సిందే అన్న నియమం ఆ ముల్లును కొంతైనా విరుస్తుంది. బలవంతపు రాజీ చెల్లదన్నది ఆ నియమం ఆత్మ.

ఇప్పుడు మళ్లీ ఊళ్లోని ఆ కట్టడం దగ్గరికి రావాలి. ప్రతి ఇల్లూ ఆరాధన గది కాగలిగినప్పుడు ఈ దర్గా దేనికి?

దర్గాకు ఇప్పుడున్న క్రమం ఇచ్చినవాడు బాలిమ్ సుల్తాన్. 1501లో సుల్తాన్ రెండో బాయెజీద్ ఆయన్ను పెద్దగా నియమించాడంటారు. రెండో పీరుగా కొలుస్తారు. పెళ్లి చేసుకోని దర్వేషుల శాఖను ఆయనే ఏర్పరిచాడు. ఆయన సమాధి గడప దగ్గరే ఆ దర్వేషులకు చెవి కుట్టేవాళ్లు. పక్కనున్న నల్ల తూతుచెట్టుకు మొక్కుబడి గుడ్డపీలికలు కట్టే అలవాటు మ్యూజియం వచ్చాక కూడా పోలేదు. ప్రాంగణంలో ఒకదాని వెనక ఒకటిగా మూడు ముంగిళ్లు. నడిమి ముంగిట్లో 1875లో ఈజిప్టు నుంచి వచ్చిన సింహం బొమ్మ నోట్లోంచి నీళ్లు పడే ఊట, దీక్షలు జరిగే మైదాన్ ఇల్లు, వంటశాల. మూడో ముంగిట్లో పీరు సమాధి, నలభైమంది పేరు పెట్టుకున్న మందిరం.

వంటశాలలోని నల్ల గుండిగ ఈ ప్రాంగణానికి ఆయువుపట్టు. దారినపోయేవాడు ఏ మతంవాడని అడక్కుండా అన్నం పెట్టిన గుండిగ అది. ఒట్టోమన్ సైన్యంలోని జానిసరీలు హాజీ బెక్తాష్‌ను తమ పీరుగా చెప్పుకునేవాళ్లు. ఆయన పోయాక చాలా ఏళ్లకు గానీ ఆ సైన్యం పుట్టలేదు, అయినా ఆయనే ఆశీర్వదించాడన్న కథ పాతుకుపోయింది. వాళ్లకూ గుండిగే పవిత్రం. తిరగబడాలనుకున్న రోజున దాన్ని బోర్లించేవాళ్లు. 1826లో రెండో మహమూద్ సుల్తాన్ ఆ సైన్యాన్ని తుడిచిపెట్టి, ఆ వెంటనే బెక్తాషీ మార్గాన్నీ నిషేధించాడు. దర్గా మీద సున్నీ మార్గమైన నక్ష్‌బందీ షేకును కూర్చోబెట్టారు. 1834లో నడిమి ముంగిట్లో ఒక మసీదు కట్టారు. మీ ఆరాధన ఆరాధన కాదు అని రాతిలో చెక్కి చెప్పడమే అది.

1919 డిసెంబరులో ముస్తఫా కెమాల్ (తర్వాతి అతాతుర్క్) అంకారాకు వెళుతూ ఇక్కడ ఆగి, పీరు వంశస్థుడిగా గౌరవం పొందే జెమాలెత్తిన్ చెలెబినీ, దర్వేషుల పెద్ద సాలిహ్ నియాజీ బాబానూ కలిశాడు. ఇద్దరూ ఆయన వైపు నిలిచారు. జెమాలెత్తిన్ 1920 నాటి మొదటి జాతీయ సభకు ఉపాధ్యక్షుడయ్యాడు. ఖలీఫా పాలన పోతే తమకు ఊపిరాడుతుందని అలెవీలు నమ్మారు. అనేక జెమ్ ఇళ్లలో అలీ, హాజీ బెక్తాష్ పటాల పక్కన అతాతుర్క్ పటం నేటికీ ఉంటుంది. కానీ 1925 నవంబరు 30న వచ్చిన 677వ నంబరు చట్టం దేశంలోని దర్గాలన్నింటితోపాటు దీన్నీ మూసేసింది. వస్తువులు అంకారాకు తరలిపోయాయి. సాలిహ్ నియాజీ బాబా తన పూర్వీకుల అల్బేనియాకు వెళ్లిపోయాడు, బెక్తాషీల ప్రపంచ కేంద్రం తిరానాకు మారింది.

1964లో తలుపులు తెరిచాక వస్తువులు చాలావరకు తిరిగొచ్చాయి. రాళ్లు బాగుచేశారు, పైకప్పులు నిలబెట్టారు. మ్యూజియం చేసిన ఈ మేలు చిన్నదేం కాదు. ఆ పని జరగకపోతే ఈరోజు ముద్దాడటానికి గడప మిగిలేదో లేదో. అయితే మ్యూజియం వస్తువును కాపాడగలదు, బాధ్యతను కాపాడలేదు. గుండిగ అక్కడే ఉంది, అందులో వండి ఎవరికీ వడ్డించరు. మైదాన్ ఇల్లు ఉంది, అక్కడ ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోరు. 1925లో పోయింది రాళ్లు కావు, ఆ రాళ్ల మధ్య మనుషులు ఒకరికొకరు బద్ధులై ఉండే ఏర్పాటు. గడపకు పెట్టే ముద్దుకు అర్థం అక్కడుంది. భక్తుడు రాతిని దేవుడనుకోవడం లేదు. ఈ గడప దాటితే తన తప్పొప్పులు నలుగురి ముందూ పెట్టాలని తన తాతముత్తాతలు ఒప్పుకున్నారు. ఆ ఒప్పందానికి అతను తల వంచుతున్నాడు.

సెమాహ్ సంగతీ అంతే. జెమ్‌లో అది పన్నెండు సేవల్లో ఒకటి. చూసేవాళ్లంటూ ఉండరు, చప్పట్లుండవు. ఆగస్టు ఉత్సవాల్లో అది వేదికెక్కింది. 2010లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. దాచుకొని చేసుకున్న ఆరాధన బహిరంగంగా గౌరవం పొందడం చూసి ముసలివాళ్ల కళ్లు చెమర్చాయంటే అర్థం చేసుకోవచ్చు. 1993 జులై 2న సివాస్‌లో అలెవీ కవి పీర్ సుల్తాన్ అబ్దాల్ పేరిట జరిగిన ఉత్సవానికి వచ్చినవాళ్లు దిగిన మదిమాక్ హోటలుకు మూక నిప్పుపెట్టి, 33 మంది రచయితలు, కళాకారులు, యువతీయువకులతోపాటు ఇద్దరు హోటలు పనివాళ్లను పొట్టనబెట్టుకున్న దేశం అది. వేదిక ఎక్కడమంటే అక్కడ ధైర్యం కూడా. అయినా వేదిక మీద ఆడుతున్నవాళ్లలో ఇద్దరికి మాటల్లేకపోయినా ఆట ఆగదు. జెమ్‌లో ఆగుతుంది.

అలెవీలు పట్నాలకు వలసపోయాక జెమ్ ఇళ్లు కట్టుకున్నారు. 1924లో ఏర్పడ్డ మతవ్యవహారాల శాఖ మసీదులకు ఇమాముల జీతాలు, దీపాల ఖర్చు ఇస్తుంది. జెమ్ ఇల్లు ఆరాధన స్థలం కాదు గనుక దానికి లేదంది. కరెంటు బిల్లు తగువు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2014లో అలెవీల పక్షాన తీర్పొచ్చింది. 2016 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం, టర్కీ వాళ్ల మతస్వేచ్ఛకు భంగం కలిగించిందనీ వివక్ష చూపిందనీ తేల్చింది. 2022లో ప్రభుత్వం అలెవీ బెక్తాషీ సంస్కృతి, జెమ్ ఇళ్ల కోసం ఒక కార్యాలయం పెట్టింది, సంస్కృతి, పర్యాటక మంత్రిత్వ శాఖ కింద. బిల్లులకు, జీతాలకు కొంత దారి దొరికింది. మేం చేసేది ఆరాధనా, ప్రదర్శనా అని చాలా అలెవీ సంఘాలు గట్టిగా అడిగాయి. ఆ అడగడంలో న్యాయం ఉంది. ఏది ఆరాధనో చెప్పే అధికారం ఆరాధించేవాడి చేతిలోంచి జారిపోయాక, ఇచ్చే డబ్బు ఎంతైనా అది పరాయి ఇంట్లో అతిథిమర్యాదే.

2024 సెప్టెంబరులో అల్బేనియా ప్రధాని ఎడి రామా, తిరానాలోని బెక్తాషీ కేంద్రానికి వాటికన్ తరహాలో సర్వాధికార రాజ్య హోదా ఇచ్చే ఆలోచన ప్రకటించాడు. పీరు నిద్రిస్తున్న ఊళ్లో దర్గాకు ఆరాధన స్థలమనే పేరైనా లేదు. ఆయన మార్గం తరలిపోయిన ఊళ్లో దానికి ఒక దేశమే కావొచ్చు.

దర్గాను తమకు అప్పగించమని టర్కీ అలెవీ సంఘాలు ఏళ్లుగా కోరుతున్నాయి. కోరిక సబబే. కానీ ఎవరి చేతికి? హాజీ బెక్తాష్‌కు సంతానం ఉందనీ, తాము ఆ వంశమేననీ చెలెబీలు అంటారు. ఆయన పెళ్లే చేసుకోలేదని, వారసత్వం నెత్తురులో కాక దీక్షలో ఉంటుందని బాబాల శాఖ అంటుంది. పట్నాల సంఘాల్లో అలెవీ మార్గం ఇస్లాంలో భాగమనేవాళ్లున్నారు, వేరే దారనేవాళ్లున్నారు. ప్రభుత్వ కార్యాలయంతో కలిసి నడిచేవాళ్లు, దాని గుమ్మం తొక్కనివాళ్లు ఉన్నారు. చట్టం రేపు తాళంచెవి ఇచ్చేసినా, మైదాన్ ఇంట్లో జరిగే మొదటి జెమ్‌లో దెదె ముందుగా ఆ పాత ప్రశ్నే అడగాలి. ఈ పక్షాలన్నీ దార్ మీదికి వచ్చి నిలబడి జవాబు చెప్పాలి.